మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నాక చేతులకు కరెంట్ చికిత్స: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఫిజియోథెరపీ చేస్తున్న నాకు వారంలో నాలుగైదు ఫోన్లు ఒకే మాటతో మొదలవుతాయి: "మేడం, చేతులకు కరెంట్ పెడితే లేస్తయా?" మోకు జారి తాడిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడి భార్య అడుగుతుంది. హైదరాబాద్ రోడ్డు మీద బండి స్కిడ్ అయిన కుర్రాడి తండ్రి అడుగుతాడు. మనుషులు వేరైనా అనుమానాలు అవే. ఫోన్లో సగం చెప్పి సగం మర్చిపోతున్నానని అన్నీ ఒక్కచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, వరసగా చదవాల్సిన పని లేదు. ఇది మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్ల కోసం మాత్రమే. నడుము దగ్గర తగిలితే చేతులు మామూలుగానే పనిచేస్తాయి, ఆ సంగతి వేరు.

## ఆసుపత్రిలో ఉన్నప్పుడు

దెబ్బ మెడకు తగిలింది కదా, వేళ్లు ఎందుకు పనిచేస్తలేవు?

చేతులను కదిలించే నరాలు మెడలోంచే బయలుదేరతాయి. డిశ్చార్జ్ కాగితంలో సీ5, సీ6 అని రాసి ఉంటుంది చూడండి, అవి మెడలో పైనుంచి కిందికి నరాల వరస నంబర్లు. సీ5 మోచేయిని మడుస్తుంది. సీ6 మణికట్టును పైకి లేపుతుంది. సీ7 మోచేయిని చాపుతుంది, సీ8 వేళ్లను ముడుస్తుంది, దాని కింద ఉన్న టీ1 వేళ్లను ఎడంగా జరుపుతుంది. కాగితంలో సీ6 అని ఉంటే సాధారణంగా అక్కడిదాకా పని మిగిలిందని, దాని కింద తగ్గిందని లెక్క. అందుకే ఒకాయన చెయ్యి నోటిదాకా తెచ్చుకోగలడు కానీ ముద్ద పట్టుకోలేడు.

కేస్ షీట్ మీద 'ఏ' అని రాశారు. మంచిదా, చెడ్డదా?

అది గాయం తీవ్రత గ్రేడు. 'ఏ' అంటే వెన్నుపాము చిట్టచివరి నరాల దగ్గర, అంటే మలద్వారం చుట్టూ, స్పర్శా కదలికా రెండూ లేవని. 'బీ' అంటే స్పర్శ ఉంది, కదలిక లేదు. 'సీ', 'డీ'ల్లో కొంత కదలిక ఉంటుంది, 'డీ'లో ఎక్కువ. 'ఈ' అంటే మామూలు. మొదటి వారాల్లో గ్రేడు మారవచ్చు కాబట్టి ఆ ఒక్క అక్షరం చూసి ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టకండి. 'ఏ' ఉన్నా చేతుల్లో ఒకటి రెండు మెట్లు తిరిగి రావడం నేను చూశాను. మెడ గాయంలో ఒక్క మెట్టు పెరిగితేనే బతుకు చాలా మారుతుంది.

కరెంట్ ఎప్పటినుంచి మొదలుపెట్టొచ్చు? కుట్లు మానేదాకా ఆగాలా?

ముంజేతికి పెట్టే ప్యాడ్లకూ మెడ మీద కుట్లకూ సంబంధం లేదు. మెడ కదలకుండా నిలబడిందని సర్జన్ చెప్పి, బీపీ కుదురుగా ఉంటే కొన్ని వారాల్లోనే మొదలుపెట్టవచ్చు. నరాలు కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, ఏడాది దగ్గరపడేసరికి నెమ్మదిస్తుంది. "ఇంటికి పోయి, కాస్త కోలుకున్నాక చూద్దాం" అనుకునేవాళ్లు తెలియకుండానే ఆ మూడు నెలలనూ వదులుకుంటున్నారు.

వేళ్లు ముడుచుకుపోతున్నాయి. రోజూ లాగి చాపుతున్నాం, మంచిదేనా?

ఈ విషయంలో నాకు కొంచెం కోపం కూడా వస్తుంది, ఎందుకంటే ప్రేమతో చేసే నష్టం ఇది. మీ చెయ్యి వదులుగా పెట్టి మణికట్టును పైకి ఎత్తి చూడండి. వేళ్లు వాటంతట అవే లోపలికి ముడుచుకుంటాయి, బొటనవేలు చూపుడువేలికి ఆనుతుంది. మణికట్టును కిందికి వాల్చండి, వేళ్లు తెరుచుకుంటాయి. వేళ్లలో బలం ఏమాత్రం లేకున్నా, మణికట్టు లేపగలిగిన మనిషి ఈ కిటుకుతో చెంచా పట్టుకుంటాడు, ఫోను తీసుకుంటాడు, తన మూత్రం పైపు తనే చూసుకోవడం కూడా నేర్చుకుంటాడు. ఇది జరగాలంటే వేళ్లను ముడిచే కండరాల తాళ్లు (టెండన్లు) కాస్త బిగువుగా ఉండాలి. మణికట్టు పైకి ఎత్తి ఉంచి, అదే సమయంలో వేళ్లను కూడా తిన్నగా సాగదీస్తే ఆ బిగువు పోతుంది. ఆరు నెలల తర్వాత మణికట్టు లేచినా వేళ్లు వేలాడుతూనే ఉంటాయి. కాబట్టి వేళ్లు చాపేటప్పుడు మణికట్టు కిందికి వాలి ఉండాలి. మణికట్టు ఎత్తేటప్పుడు వేళ్లను ముడుచుకోనివ్వాలి. పక్క మీద అటూ ఇటూ తిప్పేటప్పుడు చెయ్యి పట్టుకుని లాగకండి, భుజం జారిపోతుంది.

## మొదలుపెట్టే ముందు

కరెంట్ పెడితే చచ్చిన నరం బతుకుతదా?

బతకదు. ఎవరైనా బతికిస్తామంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

పొలం ఉన్నవాళ్లకు నేను ఇలా చెప్తాను. సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను మధ్యలో తెగింది. మీ బావి దగ్గర స్టార్టర్ బాగుంది, వైరు బాగుంది, మోటారు బాగుంది, కరెంటే రావట్లేదు. అప్పుడు జనరేటర్ తెచ్చి కలిపితే మోటారు తిరుగుతుంది. మెదడు సబ్‌స్టేషన్, మెడ దగ్గర తెగింది లైను, చేతి నరమూ కండరమూ మోటారు. మన మెషిన్ జనరేటర్. అయితే వెన్నుపాములో లైను పూర్తిగా తెగడం అరుదు, చాలామందిలో నాలుగు పోగులు మిగిలే ఉంటాయి. మనిషి గట్టిగా ప్రయత్నిస్తున్న క్షణంలోనే కరెంట్ కూడా అందితే, ఆ మిగిలిన పోగులు పని నేర్చుకుంటాయి. ఈ చికిత్స ఆశంతా ఆ నాలుగు పోగుల మీదే.

మావాడికి పనిచేస్తుందో లేదో ముందే తెలుస్తదా?

చాలావరకు తెలుస్తుంది, పది నిమిషాల పని. ముంజేతి వెనకవైపు ప్యాడ్లు పెట్టి నాబ్ నెమ్మదిగా పెంచుతాం. నరం బతికుంటే కండరం ముందు చిన్నగా అదురుతుంది, తర్వాత మణికట్టు లేస్తుంది. ప్యాడ్ అర అంగుళం జరిగితే మణికట్టు బదులు వేళ్లు తెరుచుకుంటాయి. ఆ చోటు వెతకడమే మా పనిలో నైపుణ్యం. మొన్న ఒకావిడ, భర్త వేళ్లు మూడు నెలల తర్వాత మొదటిసారి విచ్చుకోవడం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఆయన కదిలించినది కాదని, మెషిన్ కదిలించిందని చెప్పాలంటే నాకూ మనసొప్పలేదు. కానీ చెప్పాలి, చెప్పాను.

ఎంత పెంచినా కండరం అదరకపోతే, గాయం జరిగిన చోటే ఆ కండరానికి వెళ్లే నరం కూడా పోయిందని అర్థం. అంటే మోటారు వైండింగే కాలిపోయింది, మామూలు మెషిన్ దానికి పనికిరాదు. ఇలా తేలితే ఆలస్యం చేయకుండా నరాల మార్పిడి ఆపరేషన్ చేసే సర్జన్‌ను కలవండి. బాగున్న నరాన్ని తెచ్చి పోయిన నరానికి అతికించే ఆపరేషన్ అది. నరం లేని కండరం ఏడాది, ఏడాదిన్నర దాటితే ఎండిపోయి కొత్త నరాన్ని తీసుకోదు. ఈ ఒక్క సంగతి తెలియక గడువు దాటాక వచ్చేవాళ్లే ఎక్కువ.

టెన్స్, ఐఎఫ్‌టీ, ఎఫ్‌ఈఎస్... అన్నీ ఒకటేనా?

కాదు. టెన్స్, ఐఎఫ్‌టీ నొప్పి తగ్గించడానికి. కండరం ముడుచుకునేలా చేసే స్టిమ్యులేషన్ వేరు. ఆ ముడుచుకోవడాన్ని గ్లాసు పట్టుకోవడం లాంటి పనికి జతచేస్తే దాన్ని ఎఫ్‌ఈఎస్ అంటారు. నడుంనొప్పి కోసం ఇంట్లో కొన్న టెన్స్ మెషిన్ ఉంది, అది పెట్టొచ్చా అని అడుగుతారు. చెయ్యి పని కోసమైతే దాంతో లాభం లేదు.

ఎవరికి పెట్టకూడదు?

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కార్డియాలజిస్ట్ ఒప్పుకోకుండా పెట్టకూడదు. రక్తం గడ్డకట్టిన చేతికి, క్యాన్సర్ గడ్డ ఉన్నచోట, పుండు పడ్డ చర్మం మీద, గొంతు ముందువైపు పెట్టరు. గర్భిణులు, ఫిట్స్ వచ్చేవాళ్లు ముందే చెప్పాలి.

మెడలో ప్లేటు, స్క్రూలు వేశారు. షాక్ కొట్టదా?

ముంజేతికి పెట్టే కరెంట్ రెండు ప్యాడ్ల మధ్యే తిరుగుతుంది, మెడలోని ప్లేటుదాకా పోదు. అయినా ఎక్స్‌రే, ఆపరేషన్ కాగితం వెంట తెచ్చుకోండి.

## సెషన్లు నడుస్తున్నప్పుడు

లోపల ఏం చేస్తారు? ప్యాడ్లు అంటించి పడుకోబెట్టడమేనా?

అలా చేస్తున్నారంటే సగం డబ్బులు వృథా. నా మాట కటువుగా ఉన్నా సరే.

మంచి సెషన్ ఇలా ఉంటుంది. మనిషిని బల్ల ముందు కూర్చోబెడతాం. ముంజేతికి లోపలివైపు రెండు ప్యాడ్లు, వెనకవైపు రెండు. ముందు ఒక స్టీలు గ్లాసు, ఖాళీది. "తెరువన్నా" అంటాను. ఆయన కళ్లు గ్లాసు మీద పెట్టి, పళ్లు బిగించి, వేళ్లు తెరవాలని చూస్తాడు. రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు. ఆ ప్రయత్నం ముఖంలో కనిపించాకే నేను మీట నొక్కుతాను, వేళ్లు విచ్చుకుంటాయి. చెయ్యి ముందుకు జరిపి గ్లాసు చుట్టూ పెడతాం. "పట్టు." మళ్లీ ప్రయత్నం, మళ్లీ మీట. గ్లాసు లేస్తుంది, వణుకుతుంది, ఒక్కోసారి ఠంగున కింద పడుతుంది. మళ్లీ మొదటినుంచి. గంటలో ఇలా యాభై అరవై సార్లు. వారాలు గడిచేకొద్దీ మీట ఆలస్యంగా నొక్కుతాను, కరెంట్ తగ్గిస్తాను. ఒకరోజు మీట నొక్కడం మర్చిపోయినట్టు నటిస్తాను. ఆరోజు వేలు కొంచెమైనా కదిలితే దారిలో పడ్డట్టే.

ప్యాడ్లు పెట్టి థెరపిస్ట్ పక్క గదికి వెళ్లిపోతే, మర్యాదగానే అడగండి: "ఇప్పుడు నేనేం చేయాలి?" అని. పేషెంట్ టీవీ చూస్తూ కరెంట్ పెట్టించుకుంటే కండరం పలచబడకుండా ఆగుతుందేమో కానీ, పట్టు రాదు.

ఎన్ని రోజులు? మేం మహబూబాబాద్ నుంచి రావాలె.

టొరంటోలో మిలోస్ పోపోవిచ్ బృందం 2011లో ప్రచురించిన పరీక్షలో పట్టు కోసం 40 గంటల ఎఫ్‌ఈఎస్ ఇచ్చారు, రోజుకో గంట లెక్కన. మామూలు థెరపీ మాత్రమే చేయించుకున్నవాళ్ల కంటే వాళ్ల పట్టు మెరుగైంది. వాళ్లంతా గాయమై ఎక్కువ కాలం కానివాళ్లు, కొంత నరం మిగిలినవాళ్లు. కాబట్టి 40 గంటలు అనేది మంచి మొదటి లెక్క. వారానికి ఐదు రోజులైతే రెండు నెలలు పడుతుంది. రోజూ బస్సెక్కలేనివాళ్లు రెండు నెలలు ఇక్కడే ఒక గది తీసుకుని చేయించుకోవడం మేలు. వారానికోసారి ఏడాదంతా తిరిగితే ఖర్చు అంతే అవుతుంది, ఫలితం మాత్రం పలచనవుతుంది. ఇరవై గంటలకు కొలిచి చూడమని అడగండి: ఎన్ని కిలోల పట్టు, ఎన్ని చిన్న చెక్క దిమ్మలు తీసి పెట్టెలో వేయగలిగారు అని. "బాగుంది, బాగుంది" అనే మాట కొలత కాదు.

స్పర్శే లేదు కదా, ఎక్కువ పెడితే జల్దీ వస్తదేమో?

స్పర్శ లేనివాళ్లకే జాగ్రత్త ఎక్కువ కావాలి. కాలుతుంటే మనకు చురుక్కుమంటుంది, వాళ్లకు తెలియదు. జిగురు ఎండిన పాత ప్యాడ్ ఒక మూలన మాత్రమే అంటుకుంటే కరెంటంతా ఆ మూల నుంచే వెళ్లి పొక్కు లేస్తుంది. ఒక ఆసుపత్రిలో ఇలా పొక్కు తెచ్చుకున్నవాళ్లను నేను చూశాను, ఆ పుండు మానడానికి నెల పట్టింది, ఆ నెల థెరపీ పోయింది. ప్యాడ్ తీశాక చర్మం గులాబీరంగులో ఉండి కాసేపటికి మామూలైతే ఫర్వాలేదు. ఎర్రటి చుక్కలు, పొక్కు, గంటల తరబడి తగ్గని ఎరుపు కనిపిస్తే ఆపేయండి. ఇంకో సంగతి: కండరం నిండుగా ముడుచుకున్నాక ఇంకా పెంచితే బలం పెరగదు, పక్క కండరాలు కూడా లేచి చెయ్యి వంకర తిరుగుతుంది, అంతే.

మధ్యలో తల పగిలేటంత నొప్పి, ముఖం ఎర్రబడ్డది, చెమటలు. ఏమిటిది?

ఇది ఎమర్జెన్సీ. వెన్నుపాములో టీ6 (ఛాతీ భాగం) కంటే పైన గాయమైతే, అంటే మెడ గాయం ఉన్న అందరికీ, ఇది రావచ్చు. గాయం కింద శరీరంలో ఏదో ఇబ్బంది కలిగితే బీపీ ఒక్కసారిగా పెరిగిపోతుంది. వెంటనే కరెంట్ ఆపండి. పడుకోబెట్టకండి, కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడేయండి. లుంగీ ముడి, బెల్టు, చెప్పులు వదులు చేయండి. మూత్రం పైపు మెలికపడిందేమో, సంచి నిండిందేమో చూడండి. ఎక్కువసార్లు కారణం అదే. తర్వాత మలబద్ధకం, ఎక్కడైనా ఒత్తుకుంటున్న చర్మం.

మెడ గాయం ఉన్నవాళ్ల మామూలు బీపీ (పై అంకె) 90, 100 దగ్గరే ఉంటుంది. కాబట్టి 140 చూసి "నార్మల్‌కు కొంచెం ఎక్కువ, అంతే" అనుకోవద్దు. వాళ్ల మామూలు బీపీ కంటే 20 నుంచి 40 పెరిగినా ప్రమాదమే. కొన్ని నిమిషాల్లో తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడి డ్యూటీ డాక్టర్‌కు మొదటి మాటగా "మెడ దగ్గర వెన్నుపాము గాయం ఉంది" అని చెప్పండి. పేషెంట్ మామూలు బీపీ ఎంతో ఒక చీటీ మీద రాసి జేబులో ఉంచండి.

పది నిమిషాలకే చెయ్యి అలసిపోతోంది, వదిలేయాలా?

సహజమే. మనం కదిలించినప్పుడు కండరంలోని పోగులు వంతులవారీగా పనిచేస్తాయి. కరెంట్ మాత్రం అవే పోగులను ప్రతిసారీ ఒకేసారి లేపుతుంది, అందుకే తొందరగా అలసిపోతాయి. కండరం ముడుచుకునే సమయం తగ్గించి, మధ్యలో విరామం పెంచి, ఫ్రీక్వెన్సీ కాస్త తగ్గిస్తే సరిపోతుంది. మూడు నాలుగు వారాలకు ఓర్పు పెరుగుతుంది.

## ఇంట్లో

ఆన్‌లైన్‌లో మెషిన్ కొనుక్కోవచ్చా?

మొదటి నెలైనా క్లినిక్‌లో చేయించుకున్నాక కొనండి. ప్యాడ్లు ఎక్కడ పెట్టాలో థెరపిస్ట్ చేత చర్మం మీద బాల్‌పెన్‌తో గుర్తులు పెట్టించి, ఫోన్లో ఫోటో తీసుకోండి. కొనేముందు చూడాల్సినవి: రెండు చానెళ్లు (రెండు జతల ప్యాడ్లకు వేర్వేరు దారులు) ఉండాలి, కరెంట్ ఎంత ఉండాలి, ఎన్ని సెకన్లు ఆన్, ఎన్ని సెకన్లు ఆఫ్ అనేవి మనం మార్చుకునే వీలుండాలి, బ్యాటరీతో నడవాలి. "పొట్ట తగ్గించే బెల్ట్" అని అమ్మేవి వద్దే వద్దు. ప్యాడ్లు సీజన్‌కు రెండు మూడు సెట్లు మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు మెషిన్ ధరలో ఎవరూ చెప్పరు. మన ఎండలకు జిగురు తొందరగా ఎండుతుంది, వాటి కవర్లోనే పెట్టి నీడన ఉంచండి.

ఇంట్లో ఏం ప్రాక్టీస్ చేయించాలె?

ఇంట్లో ఉన్నవే చాలు. చింతగింజలు, గవ్వలు, ఖాళీ అగ్గిపెట్టెలు, మూత వదులుగా పెట్టిన డబ్బా. స్పర్శ లేని వేళ్లకు మిరపకాయలు, వేడి గ్లాసు మాత్రం ఇవ్వకండి. ఏనుమాముల మార్కెట్‌లో పనిచేసిన ఒకాయన అలవాటుకొద్దీ మిర్చి ఏరి, అదే చేత్తో కన్ను తుడుచుకుని రెండు రోజులు బాధపడ్డాడు.

"చెయ్యి రావాలి" అనే కోరిక మరీ పెద్దది, దేన్ని ప్రాక్టీస్ చేయాలో చెప్పదు. జనగామ వైపు నుంచి వచ్చే ఒక అక్కకు బతుకమ్మ పేర్చాలని ఉండేది. గునుగుపూల కట్ట పట్టుకోవడం, తాంబాళంలో ఒత్తి పెట్టడం, తంగేడు కొమ్మ తుంచడం అని దాన్ని మూడు పనులుగా విడగొట్టాం. తుంచడం ఇప్పటికీ రాలేదు, ఆ పని కూతురు చేస్తుంది. పేర్చేది మాత్రం ఆమే.

మే నెలలో సెషన్ మధ్య ఒళ్లు కాలిపోతోంది, జ్వరమా?

మెడ గాయం ఉన్నవాళ్లకు గాయం కింద శరీరానికి చెమట సరిగా పట్టదు, వేడి బయటికి పోదు. జ్వరం కాకపోవచ్చు, ఎండే కావచ్చు. తడిగుడ్డ, కూలర్, పొద్దున 9 లోపే ప్రాక్టీస్. చల్లబడినా తగ్గకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించండి.

## ఖర్చు, కాగితాలు, చోటు

ఆరోగ్యశ్రీలో వస్తదా?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆపరేషన్‌కు వర్తించినంత సులువుగా నెలల తరబడి చేసే థెరపీకి వర్తిస్తుందని అనుకోకండి. డిశ్చార్జ్‌కు ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. సదరం శిబిరంలో 40 శాతం పైన వైకల్యం తేలితే దివ్యాంగుల పింఛన్‌కు అర్హత వస్తుంది. 2023లో దాన్ని నెలకు 4,016 రూపాయలు చేశారు. తాడిచెట్టు మీంచి పడ్డవాళ్లు గీత కార్మికుల ప్రమాద పరిహారానికి కూడా దరఖాస్తు పెట్టాలి, లైసెన్సు లేదా సొసైటీ సభ్యత్వ కాగితం దగ్గరుంచుకోండి.

ఎక్కడికి తీసుకెళ్లాలె?

మొదట వరంగల్ ఎంజీఎంలో గానీ, హైదరాబాద్ నిమ్స్‌లో గానీ చూపించి, కండరం అదిరే పరీక్ష చేయించండి. రెండు మూడు నెలలు ఉండి మొత్తం పునరావాసం చేయించుకోగలిగితే వెల్లూరు సీఎంసీ ఉంది. అక్కడి పునరావాస కేంద్రం 1966లో మొదలైంది, దాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ తనే ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని చక్రాల కుర్చీలో ఉంటూ ఆపరేషన్లు చేశారు. ఢిల్లీలో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ ఉంది.

## కొత్తవి, పాతవి

మెడ మీద ప్యాడ్లు పెట్టే కొత్త మెషిన్ వచ్చిందట, నిజమేనా?

నిజమే. ఆన్‌వర్డ్ అనే కంపెనీ తయారుచేసిన ఆర్క్-ఈఎక్స్. చేతి కండరానికి కాకుండా, మెడ వెనక చర్మం మీంచి వెన్నుపాముకే కరెంట్ ఇస్తుంది. 2024 మే నెలలో నేచర్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. 60 మందికి ముందు రెండు నెలలు మామూలు థెరపీ, తర్వాత రెండు నెలలు థెరపీతో పాటు ఈ కరెంట్. వాళ్లలో 72 శాతం మందికి బలంలోనూ పనిలోనూ మెరుగు కనిపించింది. 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అయితే ఉత్తుత్తి కరెంట్ ఇచ్చి పోల్చిన రెండో గుంపు అందులో లేదు, ఇది గుర్తుంచుకోవాలి. అందులోనూ కరెంట్ ఒక్కటే ఇవ్వలేదు, చేతి ప్రాక్టీస్ దాంతో పాటే నడిచింది. వాట్సాప్‌లో వీడియో చూసి పొలం అమ్మే ఆలోచన చేయకండి.

చెయ్యి లోపలే మెషిన్ పెట్టే ఆపరేషన్ లేదా?

ఉండేది. అమెరికాలో క్లీవ్‌లాండ్ పరిశోధకులు తయారుచేసిన ఫ్రీహ్యాండ్ అనే యంత్రానికి 1997లో అనుమతి వచ్చింది. రెండో వైపు భుజం కదిలిస్తే చెయ్యి తెరుచుకునేది, ముడుచుకునేది. బాగానే పనిచేసింది, కానీ అమ్మకాలు సరిపోక దాన్ని అమ్మే కంపెనీ 2001లో మార్కెట్ నుంచి తప్పుకుంది. లోపల మెషిన్ ఉన్నవాళ్లు మిగిలారు, సర్వీస్ చేసే కంపెనీ మిగల్లేదు. శరీరం లోపల పెట్టే ఏ యంత్రం గురించి విన్నా నేను ముందు అడిగేది ఇదే: పదేళ్ల తర్వాత రిపేర్ ఎవరు చేస్తారు?

దెబ్బ తగిలి ఆరేళ్లయింది. ఇప్పుడు మొదలుపెడితే లాభముందా?

తొలి ఏడాది వచ్చినంత రాకపోవచ్చు, అసలు రాదని మాత్రం కాదు. ఆర్క్-ఈఎక్స్ పరీక్షలో గాయమై 34 ఏళ్లయినవాళ్లు కూడా ఉన్నారు. కీళ్లు గట్టిపడకుండా ఉండి, కండరం అదురుతుంటే 20 గంటలు చేసి కొలవండి. కొలతలో తేడా లేకపోతే ఆపండి, ఆ డబ్బు మంచి చక్రాల కుర్చీకి పెట్టండి.

థెరపీ ఆపితే వచ్చింది పోతదా?

కండరం లావు తగ్గుతుంది. నేర్చుకున్న పని మాత్రం రోజూ వాడుతుంటే నిలుస్తుంది. నేను చూసినంతవరకు పోగొట్టుకున్నవాళ్లంతా మళ్లీ ఇంట్లోవాళ్ల చేత అన్నం తినిపించుకోవడం మొదలుపెట్టినవాళ్లే. ముద్ద కింద పడ్డా, అరగంట పట్టినా, ఆయన చేత్తోనే తిననివ్వండి. కింద ఒక పాత చాప పరవండి.